ఫార్మాట్ కొట్టాలండీ!

మన తెలుగువాళ్ళు కంప్యూటర్ పరిభాషకి చేర్చిన మాటల్లో నాకు బాగా నచ్చేది "ఫార్మాట్ కొట్టడం". మిగతా ప్రపంచమంతా డిస్కుని ఫార్మాట్ చేస్తుంది. మనం కొడతాం. కొబ్బరికాయ కొట్టినట్టు, గోళీసోడా కొట్టినట్టు. ఇంట్లో కంప్యూటర్ నెమ్మదించినా, తెర ఉన్నట్టుండి నీలంగా మారినా, ఘంటసాల పాట మధ్యలో ఎక్కిళ్ళు పెట్టినా, వీధి చివర షాపు నుంచి ఒక కుర్రాడు సీడీల పౌచ్ పట్టుకుని వచ్చేవాడు. మౌస్ రెండుసార్లు అటూ ఇటూ కదిపి, నాడి చూసిన ఆచారిగారిలా ఒక్క క్షణం ఆగి, "వైరస్ ఎక్కేసిందండీ, ఫార్మాట్ కొట్టాలి" అనేవాడు. 2000 నుంచి 2010 దాకా మన ఊళ్ళలో కంప్యూటర్ కొనుక్కున్నవాళ్ళలో ఈ మాట విననివాళ్ళు అరుదు.

ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం అని మనకో సామెత ఉండనే ఉంది. మరి ఇల్లు కాల్చకుండా ఎలుకని మాత్రమే పట్టే విద్య లేదా అంటే, ఉంది. దానికి యాభై ఏళ్ళు దాటిన చరిత్ర కూడా ఉంది. వైరస్‌లు రాసినవాళ్ళ గురించి సినిమా కథల్లాంటివి మీరు చాలానే చదివి ఉంటారు. వాటిని తీసినవాళ్ళ గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. నాకు మాత్రం ఆ రెండో వైపే ఆసక్తి, దానికి ఇంట్లో జరిగిన ఒక కారణం కూడా ఉంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

మొదటి కథ 1971 నాటిది. అప్పటికి ఇంట్లో కంప్యూటర్ అన్న ఊహే లేదు. అమెరికాలో బీబీఎన్ అనే సంస్థలో బాబ్ థామస్ అనే ఆయన క్రీపర్ అనే ప్రోగ్రాం రాశాడు. అది ఆర్పానెట్ మీద ఒక పీడీపీ-10 మెషీన్ నుంచి ఇంకోదానికి పాకుతూ పోయి, నేను క్రీపర్‌ని, చేతనైతే పట్టుకో అనే అర్థం వచ్చే వాక్యం ఒకటి చూపించేది. హాని ఏమీ లేదు, అదో ప్రయోగం. అక్కడే పనిచేసే రే టాంలిన్సన్ (ఈమెయిల్ చిరునామా మధ్యలో 'యాట్' గుర్తు పెట్టిన మహానుభావుడు ఈయనే) దాన్ని తనంతట తాను పిల్లలు పెట్టేలా మార్చాడు. ఆ తర్వాత దాన్ని వెతికి చెరిపేయడానికి రీపర్ అని ఇంకో ప్రోగ్రాం రాశాడు.

గమనించారా? వైరస్ తీసే మొట్టమొదటి ప్రోగ్రాం కూడా మెషీన్ నుంచి మెషీన్‌కి పాకే పురుగే. ముల్లుని ముల్లుతోనే తీయాలన్న ఆలోచన మొదటి రోజునే పుట్టిందన్నమాట. ఇది కాస్త గుర్తుపెట్టుకోండి, 2003లో మళ్ళీ వస్తుంది.

1982లో పిట్స్‌బర్గ్ దగ్గర రిచ్ స్క్రెంటా అనే పదిహేనేళ్ళ బడిపిల్లాడు ఆపిల్ 2 కంప్యూటర్ మీద ఎల్క్ క్లోనర్ రాశాడు. ఫ్లాపీ నుంచి ఫ్లాపీకి అంటుకుంటూ, యాభయ్యోసారి బూట్ చేసినప్పుడు ఒక చిన్న కవిత చూపించేది. స్నేహితుల్ని ఏడిపించడానికి రాసింది. దాని గురించి అంతకంటే చెప్పుకోవడానికి ఏమీ లేదు. చెప్పుకోవలసినది ఆ మరుసటి ఏడు జరిగింది. 1983లో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఫ్రెడ్ కోహెన్ అనే విద్యార్థి ఇలాంటి ప్రోగ్రాం ఒకటి రాసి క్లాసులో చూపిస్తే, ఆయన గురువు లెన్ ఏడెల్మన్ (ఆర్‌ఎస్‌ఏలో చివరి అక్షరం ఈయనదే) దానికి వైరస్ అని పేరు పెట్టాడు. పేరు సంగతి అలా ఉంచితే, కోహెన్ ఆ తర్వాత ఒక సంగతి రుజువు చేశాడు. వైరస్‌లన్నిటినీ, పొరపాటు లేకుండా, పట్టగలిగే ప్రోగ్రాం రాయడం అసాధ్యం అని.

ఎమ్మెస్ చేసేటప్పుడు ఈ రుజువు చదివి నేను చాలాసేపు నవ్వుకున్నాను, అంత సులువుగా ఉంటుంది. ఏ ప్రోగ్రాం చూపించినా "ఇది వైరస్", "ఇది కాదు" అని కచ్చితంగా చెప్పే జ్యోతిష్కుడు ఒకడు ఉన్నాడనుకోండి. నేను ఒక ప్రోగ్రాం రాస్తాను. అది ముందుగా ఆ జ్యోతిష్కుడినే పిలిచి "నేను వైరస్‌నా?" అని అడుగుతుంది. అవునంటే బుద్ధిగా కూర్చుంటుంది. కాదంటే వెంటనే పక్క ఫైల్‌కి అంటుకుంటుంది. ఇక జ్యోతిష్కుడు ఏం చెప్పినా తప్పే. మీరు డబ్బులిచ్చి కొన్న యాంటీవైరస్ ఏదైనా సరే, ఈ గోడకి అవతల లేదు. అందుకే అవన్నీ తెలిసిన దొంగల ఫొటోల ఆల్బం పట్టుకుని తిరిగే కానిస్టేబుల్ పద్ధతిలోనే మొదలయ్యాయి.

ఇక ఐబీఎం పీసీకి పట్టిన మొదటి వైరస్. అది పుట్టింది మన పక్కింట్లో, లాహోర్‌లో, 1986లో. అంటే దాదాపు నా ఈడుది. బాసిత్ ఫారూఖ్ అల్వీ, అంజద్ ఫారూఖ్ అల్వీ అనే అన్నదమ్ములు బ్రెయిన్ కంప్యూటర్ సర్వీసెస్ అనే షాపు నడిపేవారు. వాళ్ళు రాసిన సాఫ్ట్‌వేర్‌ని జనం దొంగ కాపీలు తీసుకుంటున్నారని, ఆ కాపీల్ని పట్టుకోవడానికి రాశామని తర్వాత చెప్పారు. వైరస్ లోపల తమ పేర్లు, అల్లామా ఇక్బాల్ టౌన్‌లో షాపు చిరునామా, ఫోన్ నంబర్లు పెట్టి, టీకా కావాలంటే మమ్మల్ని సంప్రదించండి అని రాశారు! జబ్బు, డాక్టరు చిరునామా ఒకే చీటీ మీద. 2011లో, పాతికేళ్ళ సందర్భంగా, మిక్కో హిప్పోనెన్ అనే ఫిన్లాండ్ పరిశోధకుడు ఆ చిరునామా పట్టుకుని లాహోర్ వెళితే అన్నదమ్ములు అక్కడే ఉన్నారు, ఇంటర్నెట్ కంపెనీ నడుపుకుంటూ.

బ్రెయిన్ పనితీరు తెలిస్తే, ఆ తర్వాత ఇరవై ఏళ్ళ పాటు వైరస్ తీయడం ఎందుకంత తలనొప్పి అయిందో అర్థమవుతుంది. అది 360 కిలోబైట్ల ఫ్లాపీల బూట్ సెక్టర్‌లో కూర్చునేది. అసలు బూట్ సెక్టర్‌ని తీసి ఫ్లాపీలో వేరే చోట దాచి, ఆ చోటు పాడైపోయిందని గుర్తు పెట్టేది, డాస్ దాని జోలికి వెళ్ళకుండా. అంతవరకూ బాగానే ఉంది. అసలు తెలివి ఇక్కడుంది: మెమరీలో వైరస్ నడుస్తున్నంతసేపూ ఎవరైనా బూట్ సెక్టర్‌ని చదవబోతే, దాచిపెట్టిన అసలు కాపీని తీసి చూపించేది. అంటే దొంగ ఇంట్లో ఉండగానే పోలీసులు వస్తే, దొంగే తలుపు తీసి, ఇల్లంతా చూపించి, కాఫీ ఇచ్చి పంపించాడన్నమాట.

కాబట్టి తీసే పద్ధతి ఒక్కటే. కంప్యూటర్‌ని స్విచ్ దగ్గర ఆపేయాలి. రీబూట్ చాలదు, పూర్తిగా కరెంట్ తీసేయాలి. అంచున ఉండే గాడికి స్టిక్కర్ అంటించి, రాయడానికి వీల్లేకుండా చేసిన శుభ్రమైన డాస్ ఫ్లాపీతో బూట్ చేయాలి. అప్పుడు పాడైన ఫ్లాపీ పెట్టి సిస్ కమాండ్ కొడితే బూట్ సెక్టర్ కొత్తగా రాయబడుతుంది. జబ్బుపడ్డ మెషీన్‌ని దాని గురించి దాన్నే అడగకూడదు అన్నది ఇక్కడ మొదటి పాఠం. ఈనాటికీ రెస్క్యూ పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ చేయడం వెనక ఉన్నది ఆ స్టిక్కర్ అంటించిన ఫ్లాపీయే.

ఈ సరంజామా అంతా సామాన్యుడికి ఎక్కడ వస్తుంది? అందుకే ఆ రోజుల్లో ఊరికి ఇద్దరు ముగ్గురు "తెలిసినవాళ్ళు" ఉండేవారు. పుణేలో కైలాష్ కాట్కర్ అనే ఆయన కాలిక్యులేటర్లు బాగుచేసే షాపుతో మొదలుపెట్టి కంప్యూటర్లలోకి వచ్చాడు. ఆయన తమ్ముడు సంజయ్, షాపుకి వచ్చే కంప్యూటర్లలో ఎక్కువ భాగం వైరస్ కేసులేనని చూసి, వాటిని తీసే పనిముట్లు రాశాడు. మనందరి ఇళ్ళలోనూ ఎప్పుడో ఒకప్పుడు తిరిగిన క్విక్ హీల్ అలా పుట్టింది. చెన్నైలో కే7 అంతకంటే కొంచెం ముందే, 1991లో మొదలైంది.

1992 మార్చి 6న మైకెలాంజెలో వైరస్ లక్షల కంప్యూటర్లని తుడిచేస్తుందని అమెరికా పత్రికలు గగ్గోలు పెట్టాయి. యాభై లక్షల దాకా అని జాన్ మెకఫీ అన్నాడు. చివరికి లెక్క తేలింది పది ఇరవై వేలు. యాంటీవైరస్ కంపెనీలకి మాత్రం ఆ నెల పండగ.

ఈ కాలంలోనే ఒక మంత్రం జనంలో పడింది. ఎఫ్‌డిస్క్ కమాండ్ చివర ఎంబీఆర్ అని తగిలిస్తే హార్డ్ డిస్కు మొదటి సెక్టర్‌లోని బూట్ కోడ్‌ని కొత్తగా రాస్తుంది. బూట్ వైరస్ ఏదైనా సరే ఒక్క దెబ్బకి పోతుందని "తెలిసినవాళ్ళు" అందరూ ఇదే కొట్టేవారు. చాలాసార్లు పనిచేసేది కూడా. పనిచేయనప్పుడు ఏం జరిగేదో చెప్పడానికి 1994లో స్లొవేకియా నుంచి వచ్చిన వన్ హాఫ్ అనే వైరస్ కథ చెప్పాలి. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో ఇంత కిరాతకమైన ఆలోచన ఇంకోటి లేదు.

వన్ హాఫ్ ఎక్కిన కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ, హార్డ్ డిస్కు చివర నుంచి రెండేసి ట్రాకులు ఒక రహస్య తాళంతో ఎన్‌క్రిప్ట్ చేస్తూ వచ్చేది. కానీ మీకు తెలియదు. ఎందుకంటే మీరు ఆ ఫైల్ తెరవబోతే, మెమరీలో ఉన్న వైరసే అప్పటికప్పుడు తాళం తీసి అసలు ఫైల్ మీ చేతికిచ్చేది. నెలల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా పని చేసుకుంటారు. సగం డిస్కు అయిపోయాక ఇది ఒక సగం అని తెర మీద ఒక సందేశం రావచ్చు. మీరు హడలిపోయి తెలిసినాయన్ని పిలుస్తారు. ఆయన వచ్చి, శుభ్రమైన ఫ్లాపీతో బూట్ చేసి, మంత్రం కొడతాడు. వైరస్ పోయింది. దానితోపాటు, అది మొదటి సెక్టర్‌లో దాచుకున్న తాళంచెవి కూడా పోయింది. సగం డిస్కు ఇక రాళ్ళకుప్ప. పుస్తకంలో రాసినట్టే చేశాడు పాపం. చేతిలో తాళంచెవి ఉన్నది దొంగ దగ్గరే అని ఆయనకి తెలియదు.

దానికి సరైన వైద్యం ఏమిటంటే, ముందు వైరస్ దగ్గరున్న తాళంచెవి చదువుకోవాలి, దానితో డిస్కునంతా వెనక్కి విప్పాలి, అన్నిటికంటే చివర వైరస్‌ని తీసేయాలి. అంటే ముందు రోగం పేరు తెలియాలి. వైరస్ తీయడం, నష్టం పూడ్చడం రెండూ వేర్వేరు పనులని, ఏది ముందు చేయాలన్నది ఒక్కో వైరస్‌కి ఒక్కోలా ఉంటుందని అప్పుడు తెలిసొచ్చింది.

1999 ఏప్రిల్ 26న తైవాన్ విద్యార్థి చెన్ ఇంగ్-హౌ రాసిన సీఐహెచ్ పేలింది. చెర్నోబిల్ ప్రమాదం జరిగిన తేదీ కావడంతో ఆ పేరుతోనే ఎక్కువమందికి తెలుసు. డిస్కు మొదటి మెగాబైట్‌ని చెత్తతో నింపి, కొన్ని మదర్‌బోర్డుల మీద బయోస్ చిప్‌ని కూడా చెరిపేసింది. ఆసియాలో బాగా దెబ్బతిన్నాం. బయోస్ పోయినవాళ్ళకి చిప్ మార్చడమో, మళ్ళీ ప్రోగ్రాం చేయించడమో తప్ప దారి లేదు. కానీ డిస్కు సంగతి వేరు. విండోస్ 98 వాడే ఫ్యాట్32 పద్ధతిలో ఫైళ్ళ పట్టిక రెండు కాపీలుంటుంది. మొదటిది పోయినా, చాలా డిస్కుల్లో రెండోది ఆ ఒక్క మెగాబైట్‌కి అవతల క్షేమంగా ఉండిపోయింది. కాలిఫోర్నియాలో స్టీవ్ గిబ్సన్ అనే ప్రోగ్రామర్ దాన్ని పట్టుకుని డిస్కుని తిరిగి నిలబెట్టే చిన్న ప్రోగ్రాం రాసి ఉచితంగా పంచిపెట్టాడు. ఆ లోపల ఎంతమంది ఓపిక లేక ఫార్మాట్ కొట్టించుకున్నారో!

ఆ మరుసటి ఏడాది, 2000 మే 4న, మనీలా నుంచి ప్రేమలేఖ వైరస్ బయల్దేరింది. ఓనెల్ డి గుజ్మన్ రాసినది. దాన్ని నేర రికార్డులకంటే ఇంటి కంప్యూటర్ కళ్ళతో చూడండి. ఫొటో ఫైళ్ళ మీద తన కోడ్ రాసేసింది, అవి ఇక రావు. ఎంపీత్రీ పాటల్ని మాత్రం దాచిపెట్టి, వాటి పేరుతో తన కాపీలు పెట్టింది. అంటే పాటలు ఎక్కడికీ పోలేదు, అక్కడే కనపడకుండా ఉన్నాయి. పోయినదానికీ దాగినదానికీ తేడా తెలిసినవాడు పాటలైనా దక్కించుకున్నాడు.

2003 ఆగస్టు 11న బ్లాస్టర్ వచ్చింది. దీనికి ఫ్లాపీ అక్కర్లేదు, మెయిల్ తెరవక్కర్లేదు, నెట్‌కి తగిలించి ఉంటే చాలు. దాని అతుకు మైక్రోసాఫ్ట్ జూలై 16నే విడుదల చేసింది. వేసుకున్నదెవరు? ఎక్స్‌పీ తెర మీద అరవై సెకన్లలో షట్‌డౌన్ అవుతానని లెక్కపెట్టే డబ్బా మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తమాషా ఏమిటంటే ఇక్కడ మన ఫార్మాట్ వైద్యం కూడా పనిచేయలేదు. ఫార్మాట్ కొట్టి, పాత సీడీతో ఎక్స్‌పీ వేసి, అతుకు దింపుకుందామని నెట్ కలిపితే, అది దిగేలోపే బ్లాస్టర్ మళ్ళీ ఎక్కేది. ముందు ఫైర్‌వాల్ పెట్టి తర్వాత నెట్ కలపాలని తెలియాలి. ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ ఉంది, కానీ మూసిపెట్టి ఇచ్చారు. మరుసటి ఆగస్టులో సర్వీస్ ప్యాక్ 2 వచ్చాక గానీ అది తనంతట తాను ఆన్ అయి ఉండలేదు.

వారం తిరక్కుండా, ఆగస్టు 18న, వెల్చియా అనే ఇంకో పురుగు బయల్దేరింది. ఎవరు రాశారో బయటపడలేదు. అది బ్లాస్టర్ దారిలోనే మీ కంప్యూటర్‌లోకి దూరి, బ్లాస్టర్‌ని చంపి, మైక్రోసాఫ్ట్ నుంచి అతుకు దింపి వేసి, తర్వాతి మెషీన్‌కి వెళ్ళిపోయేది. 2004 వచ్చాక తనని తాను చెరిపేసుకునేలా కూడా రాసి ఉంది. టాంలిన్సన్ రీపర్ మళ్ళీ పుట్టిందన్నమాట. ఎంత మంచిది అనిపిస్తుంది కదా! కానీ అది తర్వాతి మెషీన్‌ని వెతుక్కుంటూ పంపిన పింగ్‌ల వరదకి నెట్‌వర్కులు మునిగిపోయాయి. ఎయిర్ కెనడాలో చెక్-ఇన్ నిలిచిపోయింది. అడగకుండా ఇంట్లోకి దూరి బూజు దులిపినా అది దొంగతనమే అని నా అభిప్రాయం.

ఇప్పుడు మా ఇంటి సంగతి. నాన్న తెలుగు మాస్టారు. తెనాలి దగ్గర మా ఊరి చరిత్ర రాయాలని రిటైర్ కాకముందునుంచే ముసలివాళ్ళ దగ్గర కూర్చుని రాసుకునేవారు. చెరువు ఎవరు తవ్వించారు, రైలు రాకముందు బందరుకి ఎలా వెళ్ళేవారు, ఏ ఇంటివాళ్ళు సత్యాగ్రహంలో జైలుకి వెళ్ళారు, ఇలాంటివి. 2005లో కంప్యూటర్ కొన్నాక పేజ్‌మేకర్‌లో అను ఫాంట్స్‌తో ఒక్కో వేలితో కొట్టడం మొదలుపెట్టారు. 2007 వేసవికి 64 పేజీలు అయ్యాయి. డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ. జాగ్రత్తపరుడే.

అవి పెన్‌డ్రైవ్ వైరస్‌ల రోజులు. జిరాక్స్ షాపులో, ఫొటో స్టూడియోలో, కాలేజీ ల్యాబ్‌లో, ఎక్కడ గుచ్చినా ఏదో ఒకటి అంటుకునేది. చాలావాటి తంతు ఒకటే. పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నిటినీ దాచేసి, అవే పేర్లతో, అదే పసుపు ఫోల్డర్ బొమ్మతో తన కాపీలు పెడుతుంది. మీరు ఫోల్డర్ అనుకుని నొక్కుతారు. దాగిన ఫైళ్ళు చూపించే ఆప్షన్‌ని పనిచేయనివ్వదు. టాస్క్ మేనేజర్ తెరుచుకోదు. పైగా ఆటోరన్ ఫైలొకటి పెట్టుకుంటుంది, కొత్త కంప్యూటర్‌లో డ్రైవ్ మీద డబుల్ క్లిక్ చేయగానే నడవడానికి.

నాన్న అలాగే ఎక్కడో ప్రింట్ తీయించుకుని వచ్చారు. పెన్‌డ్రైవ్ ఖాళీ అయినట్టు కనపడింది, కంప్యూటర్ నెమ్మదించింది. షాపు కుర్రాడు వచ్చాడు. "మాస్టారూ, ఫార్మాట్ కొట్టాలండీ. సి డ్రైవ్ ఒక్కటే కొడతాను, డి డ్రైవ్‌లో మీ పాటలూ ఫొటోలూ అన్నీ ఉంటాయి" అన్నాడు. డెస్క్‌టాప్ మీద కనపడేది సి డ్రైవ్‌లోనే ఉంటుందని నాన్నకి ఎవరూ చెప్పలేదు. పెన్‌డ్రైవ్ చూపిస్తే, "ఇందులో ఏం లేవుగా సార్, వైరసే ఉంది" అని దాన్ని కూడా కొట్టేశాడు. మూడొందలు తీసుకున్నాడు.

నేను అప్పుడు కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. పది రోజుల తర్వాత ఇంటికి వెళ్ళేసరికి కొత్త ఎక్స్‌పీ, దాని మీద ఎవరో ఇచ్చిన సీడీల పాటలూ నిండుగా ఉన్నాయి. డిలీట్ అయిన ఫైళ్ళు వెతికే సాఫ్ట్‌వేర్‌తో రెండు రాత్రులు కూర్చుంటే రెండు పేజీలకి సరిపడా ముక్కలు దొరికాయి. ఆ వైరస్ ఏమిటో డి డ్రైవ్‌లో దొరికిన కాపీని బట్టి కనుక్కున్నాను. అవును, డి డ్రైవ్‌లో అది అలాగే ఉంది. సి ఫార్మాట్ అయ్యాక డి మీద మొదటిసారి డబుల్ క్లిక్ చేసినప్పుడే మళ్ళీ ఎక్కేసింది. డాక్యుమెంట్ల జోలికి వెళ్ళే రకం కాదది. పెన్‌డ్రైవ్‌లో 64 పేజీలూ చివరిదాకా ఉన్నాయి, కనపడకుండా. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి యాట్రిబ్ అని కొట్టి, మైనస్ హెచ్, మైనస్ ఎస్ పెట్టి ఉంటే అర నిమిషంలో బయటికి వచ్చేవి.

నాన్న ఆ కుర్రాడిని ఒక్క మాట అనలేదు. చేతిరాత నోట్సు ఉన్నంతవరకు మళ్ళీ కొట్టారు. నేరుగా కంప్యూటర్ దగ్గర కూర్చోబెట్టి చెప్పించుకున్న ఇద్దరు పెద్దవాళ్ళ మాటలకి నోట్సు లేదు. వాళ్ళలో ఒకాయన ఆ సంక్రాంతికే పోయారు. పుస్తకం చివరికి 41 పేజీలతో వచ్చింది. చెరువు సంగతి లేదు అందులో.

మైక్రోసాఫ్ట్ 2011 ఫిబ్రవరిలో పెన్‌డ్రైవ్‌ల ఆటోరన్‌ని పాత విండోస్‌లలో కూడా ఆపేసే అప్‌డేట్ అందరికీ పంపింది. అంతకుముందు కాన్‌ఫికర్ అదే దారిలోనూ, 2008 అక్టోబర్‌లోనే అతుకు వచ్చిన ఇంకో కన్నంలోనూ దూరి లక్షల మెషీన్లు ఎక్కాక. మన ఇళ్ళలో మాత్రం అప్‌డేట్లంటే భయం, పెడితే కాపీ ఎక్స్‌పీ దొరికిపోతుందని. అందుకని షాపువాడే వాటిని ఆపేసి ఇచ్చేవాడు. దొంగ విండోస్ ఖరీదు ఇలా కూడా కట్టాం.

ఈ మధ్యకాలంలో తీయడం అన్న మాటకే అర్థం తగ్గిపోయింది. 2017 మే 12న వానాక్రై వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దానికి చిక్కాయి. దాన్ని తీసేయడం పెద్ద పని కాదు. తీసేసినా ఫైళ్ళకి వేసిన తాళం అలాగే ఉంటుంది. వన్ హాఫ్ తాళంచెవిని మీ డిస్కులోనే దాచుకునేది, అంతమాత్రం దయ ఉండేది. ఇప్పటివాళ్ళు దాన్ని తమ దగ్గరే పెట్టుకుని డబ్బులడుగుతున్నారు.

ఇంకో రకం కూడా వచ్చింది. వైరస్ ఉండదు, వైరస్ తీస్తామనే మనిషి మాత్రమే ఉంటాడు. మీ కంప్యూటర్‌కి వైరస్ పట్టిందని ఫోన్ వస్తుంది. ఈవెంట్ వ్యూయర్ తెరవమని, అందులో మామూలుగా ఉండే ఎర్ర గుర్తులు చూపించి, మెషీన్‌ని తమ చేతికిమ్మంటారు. అమెరికా ఎఫ్‌టీసీ 2012 అక్టోబర్‌లో ఇలాంటి ముఠాల మీద కేసులు పెట్టినప్పుడు అందులో ఎక్కువ భాగం ఇండియా నుంచి నడిచేవే. ఇక్కడ మా వీధిలో ఒంటరిగా ఉండే పెద్దావిడకి 2018లో ఆ ఫోన్ వచ్చింది. మూడొందల డాలర్లు కట్టింది. రెండు రోజుల తర్వాత అనుమానం వచ్చి నా తలుపు తట్టింది. వెళ్ళి కుర్చీ దగ్గరికి జరగబోతే, కీబోర్డు తన వైపు లాక్కుని, "ఏమీ అనుకోకు బాబూ, వాడి మాట కూడా అచ్చం నీలాగే ఉంటుంది. నువ్వు చెప్పు, నేను కొడతాను" అంది.

అలాగే చేశాం. నెట్ తీసేశాం. వాడు పెట్టిపోయిన రిమోట్ ప్రోగ్రాంని, రోజూ దాన్ని లేపడానికి పెట్టిన షెడ్యూల్‌ని చూపించాను. బ్యాంకు పాస్‌వర్డ్ తన ఫోన్‌లోంచి మార్చుకోమన్నాను. రెండు రోజులు ఇంకొకరి చేతిలో ఉన్న మెషీన్‌లో ఏమేం ఉన్నాయో పూర్తిగా చెప్పగలిగే ప్రోగ్రాం ఏదీ లేదు కనక, విండోస్‌ని మొత్తం చెరిపి కొత్తగా వేయాలన్నాను. "మా ఆయన ఫొటోలు?" అంది. అవి ముందు బయటికి తీద్దామన్నాను. డెస్క్‌టాప్ మీద ఏమున్నాయో, డాక్యుమెంట్స్‌లో ఏమున్నాయో, దాగినవేమైనా ఉన్నాయో ఒక్కొక్కటే అడిగి కాగితం మీద రాయించాను. ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ అవడానికి గంటన్నర పట్టింది. అంతసేపూ ఆవిడ కుర్చీలోంచి లేవలేదు.